పెద్దాయన కాన్పు

తాండూరులో మా తమ్ముడు సుధాకర్ పాతింటి బావి మీద నాగదేవతకు గుడి కట్టించాడు. తమ్ముడంటే మా చిన్నాన్న కొడుకు. ఆహ్వానం ఫోన్‌కు వచ్చింది. తెరవగానే బుస్సుమని చప్పుడు, ఐదు తలల పడగ, ఆ పడగ నీడలో మా తమ్ముడు, పక్కన వాడి భార్య విజయ, వెనక వాళ్ల పప్పు మిల్లు. దేవుడికే కాస్త చోటు తక్కువైంది. కింద 'మన ఇంటి పెద్దాయనను కళ్లారా దర్శించిన పెద్దదిక్కు' అంటూ నా పేరు కూడా వేశారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వికారాబాద్ బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఒక్క శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. పామును చూసినందుకు మాత్రం పత్రికకెక్కాను. అది పాము కాదన్న సంగతి తెలిసి ఇంకా బతికున్నది కూడా నేనొక్కదాన్నే.

వెళ్లకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. మోకాళ్ల నొప్పులు ఇలాంటప్పుడే పనికొస్తాయి. ఇంతలో సుధాకర్ కోడలు మానస ఫోన్ చేసింది. బంట్వారం పిల్ల, ఎనిమిదో నెల నడుస్తోంది. మామకు అక్కను కాబట్టి నన్ను పెద్దమ్మా అంటుంది.

"పెద్దమ్మా, మీరొస్తున్నరు గదా? జర మా మామకు చెప్పుండ్రి. మా అమ్మ వచ్చి అడిగిపోయింది. కాన్పుకు తల్లిగారింటికి తోలుతలేరు."

"ఎందుకట?"

"గుడి అయినంక మండలం దాకా ఇంటి కోడలే దీపం పెట్టాలెనంట. పంతులు చెప్పిండంట. అది అయ్యేసరికి నాకు నెలలు నిండుతయ్. అప్పుడు ప్రయాణం వద్దంటరు. ఇగ నేనెప్పుడు పోవాలె?" అని ఏడ్చేసింది. "మొదటి కాన్పు పెద్దమ్మా. మస్తు భయమైతుంది. మా అమ్మ కాడ ఉండాలె నాకు."

నెలలు నిండాక పురుటి మైలలో దీపం ఎవరు పెడతారో పంతులు చెప్పలేదు కాబోలు. మోకాళ్ల నొప్పులు వాయిదా వేసుకుని రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నానే గానీ బయటి కంది చేలు ఏవీ కనబడలేదు. దారంతా మా నాయనమ్మే కనబడింది.

నా చిన్నప్పుడు ఆ ఇల్లు కందుల వాసనతో ఉండేది. తాత కందులు కొని, పప్పు పట్టించి అమ్మేవాడు. నూనె రాసి ఆరబోసిన కందులు వాకిట్లో, మేడ మీద, ఆఖరికి దేవుడి గది గడప దాకా. కాలు పెట్టే సందుండేది కాదు గానీ తొక్కితే మాత్రం తిట్లు. నేలంతా తాండూరు బండలే. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద ఒళ్లు ఆనిస్తే ప్రాణం లేచొచ్చేది, చలికాలం పొద్దున కాలు మోపితే ఆ ప్రాణమే పోయేది. తెల్లవారగానే మొదట తాత దగ్గు, తర్వాత బావి గిరక చప్పుడు, ఆ తర్వాత నాయనమ్మ తిట్లు. ఈ వరస తప్పిందంటే ఇంట్లో ఎవరికో జ్వరమన్నమాట. నాయనమ్మ మడి సంగతి వీధి వీధంతా చెప్పుకునేది. ఉల్లిగడ్డ కోసిన చేత్తో బిందె ముట్టనిచ్చేది కాదు. చేపల గంపతో ఎవరైనా వీధిలో పోతుంటే, గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి ఆ వైపు కిటికీ మూసేది. అంతటి ఇంటి బావిలో, మేం తాగే నీళ్లలో, దేవుడికి అభిషేకం చేసే నీళ్లలో, మా తాత చెయ్యంత లావున ఒక మలుగు ఉండేది.

మలుగు ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. జిగురు జిగురుగా, పొడుగ్గా, చూడ్డానికి అచ్చం పాములా ఉండే చేప అది. మలుగుపాము అని కూడా అంటారు. ఆ పేరులో చివరి ముక్కే మా వంశం పరువు కాపాడింది. చేప అయితే బావి మైల. బావి శుద్ధి, ఇంటి శుద్ధి, ఊరగాయ జాడీలు పారబోయడం, ఇన్నేళ్లు ఆ నీళ్లతో తర్పణాలు విడిచినందుకు పైలోకాల్లో ఉన్న పెద్దలకు సంజాయిషీ చెప్పుకోవడం. పాము అయితే దేవుడు, చెంబెడు పాలతో పోతుంది. మా తాత వ్యాపారస్తుడు. ఏది గిట్టుబాటో ఆయనకు ఒకరు చెప్పాలా? పాము అనే తేల్చేశాడు. పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి 'పెద్దాయన' అనేవాళ్లం. నాగుల పంచమికి గిరక మీద పెద్దాయన పేరిట కొత్త పంచె కప్పేవారు, బావిలో పాలు పోసేవారు. ఆ పూట నీళ్లు తెల్లగా వస్తే ప్రసాదమని కళ్లకద్దుకుని తాగేవాళ్లం. పెద్దాయన ఆ పాలు ముట్టిన దాఖలా లేదు. కప్పల్ని, పురుగుల్ని, నీళ్లలో పడ్డ మిడతల్ని సుబ్బరంగా తినేవాడు. మా శాకాహార వంశంలో దర్జాగా మాంసం తిన్నది ఆయనొక్కడే.

బడి లేని పూట నేను బావి గట్టు మీద బోర్లా పడుకుని ఆయన్ని చూస్తుండేదాన్ని. ఒకరోజు భోజనాల దగ్గర నోరు ఊరుకోక, "తాతా, పెద్దాయనకు మెడ కాడ రెక్కలున్నయ్. పాముకు రెక్కలుండయంట, మా సారు చెప్పిండు. గది చాప!" అన్నాను. మా వైపు చేపను కూడా చాప అనే అంటారు. తాత చేతిలో ముద్ద అక్కడే ఆగింది. మా నాన్న తన మంచినీళ్ల గ్లాసు వంక ఒకసారి చూసి, వేలితో నెమ్మదిగా దూరం జరిపాడు. నాయనమ్మ వంటింట్లోంచి ఎప్పుడొచ్చిందో తెలియదు, నాకు తొడపాశం పెట్టి, "పండుకునే చాప ముచ్చట చెప్తుంది పోరి. చినిగిందంట" అంది. అందరూ హమ్మయ్య అనుకుని పప్పు వడ్డించుకున్నారు. ఆనాటి నుంచి మా ఇంట్లో పడుకునే చాపను కూడా చాప అనడం బందైంది. 'పరుచుకునేది' అనాలి. పెళ్లయ్యాక మా అత్తగారింట్లో 'పరుచుకునేది తెండి' అని అడిగితే, పాపం, ఆవిడ నాకు మర్యాదగా దుప్పటి ఇచ్చింది.

ఆ ఏడు వానలు మొదలవుతూనే పెద్దాయన మారిపోయాడు. తిండి మానేశాడు. వీపు నల్లబడింది. పసుపుపచ్చగా ఉండే పొట్ట వెండి గిన్నె తోమినట్టు తెల్లగా మెరవసాగింది. కళ్లు పెద్దవయ్యాయి. మబ్బు ఉరిమితే చాలు, బావి చుట్టూ తిరిగి తిరిగి ముక్కుతో రాళ్లను పొడిచేవాడు. ఒక ముసురు పొద్దున బావి లోపలి మెట్లెక్కి వచ్చేసి, తడి బండల మీద పాక్కుంటూ వంటింటి పక్కన మురుగు మోరీ వైపు పోతూ కనిపించాడు. ఇంట్లో ఒకటే గోల. మా అమ్మ కందుల బస్తాల మీదికి ఎక్కింది. తాత దూరం నుంచే సాష్టాంగపడ్డాడు, దగ్గరికి మాత్రం పోలేదు. భక్తికీ ఒక హద్దుంటుంది మరి. నాయనమ్మ ఒక్కతే తడిగోనె తెచ్చి, ఆయన్ని ఒడుపుగా చుట్టి ఎత్తి, బావిలో వదిలేసి వచ్చింది. వచ్చి చెయ్యి కడుక్కోలేదు. ఉల్లిగడ్డకు కూడా కడిగే మనిషి, కడుక్కోలేదు.

తాత పరేషాన్ అయ్యి పంతులును పిలిపించాడు. పంతులు బావిలోకి తొంగి చూసి, "నాగన్న ఇల్లిడిసి పోతనంటున్నడు సేటూ. ఆయన పోతే వెనక లచ్చిమి గూడ పోతది" అన్నాడు. మరి ఏం చేయాలంటే, మెట్లకు అడ్డంగా గోడ కట్టి, బావి నోటికి ఇనుప జాలీ బిగించి, నీళ్లు తోడుకోవడానికి చిన్న తలుపు పెట్టి దానికి తాళం వేయాలట. ఉండనన్న దేవుణ్ణి జైల్లో వేసి భక్తి చేసుకోవడం అన్నమాట. నాగుల పంచమి దాటిన మర్నాడే కరణ్‌కోట నుంచి బండలు, మేస్త్రీ వస్తారని ఖాయమైంది. నాయనమ్మ అంతా విని వంటింట్లోకి పోయింది. ఆమె తిట్టకుండా ఉందంటే నాకు భయమేసింది.

నాగుల పంచమి నాడు కత్తి ముట్టకూడదు, పొయ్యి మీద పెనం పెట్టకూడదు. దేవుడి దయవల్ల ఏడాదిలో ఆడవాళ్లకు దొరికే అరపూట సెలవు అది. పొద్దున పూజ అయింది, పంచె కప్పారు, పాలు పోశారు. మధ్యాహ్నం మగవాళ్లు దుకాణానికి పోయారు, ఆడవాళ్లు నడుం వాల్చారు. బయట కుంభవృష్టి. నాయనమ్మ నన్ను తట్టి లేపింది. "సరోజా, లే. సప్పుడు జెయ్యకు" అంది. పొద్దున్నే ఎవరూ చూడకుండా మెట్ల మీద నుంచి ఒక మట్టి కడవను నీళ్లలోకి దించి పెట్టిందట. మలుగుకు చీకటి బొరియ కనిపిస్తే దూరకుండా ఉండలేదు. అప్పటికే కడవలో చుట్టలు చుట్టుకుని ఉంది. నాయనమ్మ కడవ మూతికి తడిగుడ్డ కట్టి, చుట్టూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన వేపమండలు గుచ్చి నెత్తిన పెట్టుకుంది. ఇంకేముంది, అచ్చమైన బోనం!

కాగ్నా ఏటి దాకా నడక. నేను పట్టిన గొడుగు గాలికి ఎప్పుడో తిరగబడింది. దారిలో జనం పక్కకు జరిగి దండాలు పెడుతున్నారు. ఒకామె ఆ వానలోనే చెంబుతో నీళ్లు తెచ్చి నాయనమ్మ కాళ్ల మీద పోసి, "ఏ తల్లికమ్మా బోనం?" అని అడిగింది.

"గంగమ్మకు" అంది నాయనమ్మ. ఆ మాటలో అబద్ధం ఏముంది?

తాత దోస్తు ఒకాయన బట్టల దుకాణంలోంచి దిగి వచ్చి, "వదినా, మా దుకాణం గూడ సల్లంగ సూడమని మొక్కు" అని కడవకు చేతులు జోడించాడు. సరిగ్గా అప్పుడే లోపల పెద్దాయన ఒక్క గుద్దు గుద్దాడు. కడవ ఊగింది, దాంతోపాటు నాయనమ్మా ఊగింది. "తల్లి పూనింది! పూనింది!" అని కేకలు. ఎవరో రేకు డబ్బా మీద దరువు కూడా అందుకున్నారు. దరువుకు పెద్దాయన ఇంకా రెచ్చిపోయాడు. ఉల్లిగడ్డకే చెయ్యి కడిగే మా నాయనమ్మ, నెత్తిన చేపతో, తాండూరు బజారులో ఊగుతూ నడిచింది. నవ్వు ఆపుకోలేక నేను గొడుగులో మొహం దాచుకున్నాను. అది చూసి పిల్లకు కూడా పూనకం వస్తోందన్నారు.

కాగ్నా ఎర్రగా, ఒడ్డులొరుసుకుని పారుతోంది. నాయనమ్మ కడవ దించి, దాని పక్కనే బురదలో కూలబడింది. నాకు అప్పుడు భయమేసింది.

"నాయనమ్మా, పెద్దాయన పోతే లచ్చిమి పోతదంట గదా?"

"పెద్దాయన గాదే పిచ్చిదానా. ఇది పెద్దమ్మ. గుడ్లు పెట్టే యాళ్లైంది దీనికి."

"నీకెట్ల తెలుసు?"

"నేనే తెచ్చిన గదనే దీన్ని! మా అమ్మ నన్ను అత్తగారింటికి తోలేటప్పుడు, జానెడంత ఉండె, ఇత్తడి బిందెల నీళ్లల్ల ఏసి ఇచ్చింది. బావిల ఒక పానముంటె నీళ్లు మంచిగుంటయ్, నీకు గూడ మనూరిది ఒకటి తోడుంటదన్నది." కడవను తట్టి, "మలుగుపామనే ఇచ్చింది. చాపని ఇయ్యలే" అని కూడా అంది.

నాయనమ్మది కాగ్నా పక్క యాలాల్. అక్కడి బెస్తలు చెప్పుకునేది ఆమెకు తెలుసు. "ఇది సంద్రంల పుడతది బిడ్డా. దారమంత ఉండంగ ఏరెంబడి ఎదురెక్కి వస్తది. మన తీపి నీళ్లల్ల ఏండ్లకేండ్లు పెద్దగైతది. కాన్పు యాళ్లకు మల్ల సంద్రానికే పోతది. దాని తల్లిగారిల్లు గదే. తిండి తినదు, ఆగమంటే ఆగదు. గది పోతనని గోడలు గుద్దుకుంటుంటె, మీ తాత తాళమేస్తడంట తాళం!"

ఇంత కోపం ఆమె తిట్లలో కూడా ఎప్పుడూ వినలేదు. కడవ గుడ్డ విప్పుతూ, నా వంక చూడకుండా చెప్పింది. "నన్ను తోలలే. మొదటి కాన్పుకు మా అమ్మ బండి కట్టిచ్చుకొని వచ్చింది. కంది సీజనాయె, ఇంటెడు మందికి ఎవలొండాలె అన్నరు. మా అమ్మ ఒట్టి బండి తోలుకొని పోయింది. పొయ్యి ముంగటనే నొప్పులొచ్చినయ్. ఆడపిల్ల. దక్కలే." యాలాల్ ఎంత దూరమని? ఎద్దులు అలిసేంత దూరం కూడా కాదు. నాకు ఆ రోజు ఏమీ అర్థం కాలేదు, నాయనమ్మ మొహం మీద కారేది వానే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం తాత ఫోటోకు దండ వేయబుద్ధి కాదు.

కడవ వంచింది. వెండి పొట్ట ఒక్కసారి తళుక్కుమంది. ఇన్నేళ్ల పూజలు, పంచెలు, పాలు, దేనికీ వెనక్కి తిరిగి చూడలేదు. "పో బిడ్డా, పో" అంది నాయనమ్మ. అది ఎర్ర నీళ్లలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. ఖాళీ బావికి గోడ కట్టాడు, జాలీ బిగించాడు. తాత తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని, పోయేదాకా విప్పలేదు. "చూసిండ్రా, పెద్దాయన శాంతించిండు. ఇగ బయటికి వస్తలేడు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఆ ఏడు కంది ధర పెరిగింది, అదీ ఆయన మహిమే. ప్రతి నాగుల పంచమికీ నాయనమ్మ ఆ జాలీలోంచి పాలు పోస్తూ కళ్లు మూసుకుని ఎంతో భక్తిగా దండం పెట్టేది. నా వంక మాత్రం చూసేది కాదు. చూస్తే ఇద్దరికీ నవ్వొస్తుందని తెలుసు.

తర్వాత నేను ఇదే చదువు చదివాను. నాయనమ్మ చెప్పినదానికి పుస్తకాలు చేర్చింది కొంచెమే. నడిసముద్రం లోతుల్లో ఎక్కడో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు ఆకు ఆకారంలో, అవతలున్నది కనిపించేంత పల్చగా, అలల మీద కొట్టుకుని వస్తాయి. నదీముఖాల దగ్గర దారాల్లా మారి ఎదురీదుతాయి. తల్లి మాత్రం తిరిగి రాదు, గుడ్లు పెట్టిన చోటే ప్రాణం విడుస్తుంది. ఈ ముక్క నాయనమ్మకు తెలుసో లేదో అడగలేకపోయాను. మా మలుగు కాగ్నా దాటి, భీమలో పడి, కృష్ణ వెంట సముద్రం చేరిందో, మధ్యలో ఎవరి పులుసులో పడిందో నాకు తెలియదు. చేరి ఉంటే, దాని పిల్లలు అమ్మ పెరిగిన ఊరు చూద్దామని బయలుదేరి, నదికి అడ్డంగా మనం వరసగా కట్టుకున్న ఆనకట్టల గోడల్లో మొదటిదానికే తల కొట్టుకుని ఉంటాయి. ఆ గోడలెక్కి ఎవరైనా వచ్చినా ఇప్పటి కాగ్నాలో ఏముందని? ఇసుక తోడిన గుంతలు, వాటిలో బట్టలుతికిన నురగ. అప్పుడు మా ఒక్క బావికే తాళం వేశారు, ఇప్పుడు నది మొత్తానికి వేసుకున్నాం. అభివృద్ధి అంటే ఇదేనేమో.

పాతింటికి చేరేసరికి పందిరి, మైకు, బావి మీద పాలరాతి గుడి. లోపల ఐదు తలల నల్లరాతి పాము, దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా కెమెరా. పాల పాకెట్లు డబ్బాల కొద్దీ పేర్చారు. మానస పట్టుచీరలో, కాళ్లు వాచిపోయి, పీట మీద కూర్చుని ఉంది. దూరంగా ఓ మూల వాళ్లమ్మ చేతిలో సంచీతో. కారు మాట్లాడుకుని వచ్చిందట, అడిగి చూద్దామని.

సుధాకర్‌ను పక్కకు పిలిచి, తొలి కాన్పు పిల్లకు బెంగ ఎంత చెడ్డదో, తల్లి దగ్గరికి ఎందుకు పంపాలో పాఠంలా చెప్పాను. "అక్కా, నీకు తెల్వదా? దీపం సంగతి దేవుడిది. ఈడైతే దవాఖాన గూడ దగ్గర. నీకేం ఫికర్ వద్దు" అన్నాడు. విజయ నా వైపు నవ్వి, "వదినా, మేం జూసుకోమా?" అంది. అక్కడితో నా జీవశాస్త్రం అయిపోయింది.

ఇంతలో మైకులో నా పేరు పిలిచారు. పెద్దాయన దర్శనం గురించి భక్తులకు నాలుగు మాటలు చెప్పాలట. వెళ్లాను. "అవును, చూసిన" అన్నాను. "పెద్దాయన ఇల్లిడిసి ఎందుకు పోవాలనుకున్నడో మీకెవ్వలకన్న ఎరుకనా? గీ ఇంటి కోడలు, మా నాయనమ్మ, మొదటి కాన్పుకు తల్లిగారింటికి పోతనంటే తోలలే. తల్లి బండి ఒట్టిగ మర్లిపోయింది. పుట్టిన పిల్ల దక్కలే. ఆ గోస నాయనమ్మ కడుపుల అట్లనే ఉండె. నాగుల పంచమి నాడు నాయనమ్మ కాగ్నా కాడ గంగమ్మకు బోనం చెల్లిచ్చింది, నేను పక్కనే ఉన్న. ఆనాటి సంది పెద్దాయన ఒక్కసారన్న బయటికి వచ్చిండా? మీరే చెప్పుండ్రి." ఇందులో ఒక్క అబద్ధం లేదు. వరస మాత్రం నాది.

పందిట్లో ముసలమ్మలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పంతులు నాకంటే చురుకైనవాడు, వెంటనే అందుకున్నాడు. "ఔ మల్ల, నాగన్న కోపమంతా సంతానం మీదనే ఉంటది. దీపం ఇంటి యజమాని పెడితే గూడ దోషం లేదు!" అన్నాడు. విజయ మొహం తెల్లబోయింది. సుధాకర్ నా వంక, పాము వంక, కెమెరా వంక మార్చి మార్చి చూశాడు. "అక్కా, గీ ముచ్చట ఇన్నేండ్లు చెప్పలే?" అన్నాడు. "నువ్వు పత్రికల ఎయ్యలే, నేను చెప్పలే" అన్నాను. తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం చేసి, మండలం దాకా దీపం పెట్టే బాధ్యత మా తమ్ముడిపై పడింది. ఖాళీ బావి పుణ్యమా అని వాడికి పొద్దున్నే లేవడం అలవాటైతే మంచిదే.

అరగంటలో సంచీ సర్దారు. కారెక్కబోతూ మానస నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, నిజంగ పెద్దాయన నన్ను తోలమన్నడా?"

"పెద్దాయన ఏమనలే బిడ్డా. మా నాయనమ్మ అన్నది" అన్నాను.

వాళ్లమ్మ కూతుర్ని జాగ్రత్తగా లోపల కూర్చోబెట్టి, పక్కన తను ఎక్కి తలుపు వేసుకుంది. యాలాల్ నుంచి వచ్చిన ఎడ్లబండి ఆగిన గడప కూడా ఇదే. "పో బిడ్డా, పో" అన్నాను. ఈసారి బండి ఒట్టిగా పోలేదు.